అనబీనా: వరి మడిలోను, చెరువు నీటిలోను దాని లక్షణాలు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో వరి సాగుకు చెరువులు ముఖ్యాధారాలలో ఒకటి. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువు, భూపాలపల్లి జిల్లాలోని గణపసముద్రం కాకతీయుల కాలం నాటివి. ఇటువంటి మంచినీటిలోను, దానితో తడిసే వరి మడులలోను పెరగగల సూక్ష్మజీవులలో అనబీనా ప్రజాతి ముఖ్యమైనది. దీనిని నీలి ఆకుపచ్చ నాచుగా వ్యవహరించినప్పటికీ ఇది నిజమైన నాచు కాదు. కేంద్రకం లేని కణాలు గల సయనోబాక్టీరియా వర్గానికి చెందినది.

నిర్మాణం

అనబీనా కణాలు పూసల దండ వలె వరుసగా చేరి శాఖలు లేని తంతువుగా ఏర్పడతాయి. తంతువులోని సాధారణ కణాలు కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. నీటిలో నత్రజని లవణాలు తగ్గినపుడు సుమారు పది కణాలకు ఒకటి చొప్పున హెటిరోసిస్టుగా మారుతుంది. ఎకైనీటు అనే మూడవ రకం కణం దళసరి గోడతో, ఆహార నిల్వలతో ఉంటుంది. యాసంగి కోతల తరువాత మడి ఎండినా ఎకైనీట్లు జీవించి, వానాకాలం నీరు నిలిచినపుడు మొలకెత్తుతాయి.

నత్రజని స్థిరీకరణ

గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే నైట్రోజినేజ్ ఎంజైము ఆక్సిజన్ తగిలితే పనిచేయదు. హెటిరోసిస్టు ఆక్సిజన్‌ను విడుదల చేయదు. దాని మందపాటి గోడ బయటి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. పొరుగు కణాల నుండి చక్కెరలు గ్రహించి, వాటికి గ్లూటమిన్ రూపంలో నత్రజనిని అందిస్తుంది. నీలి ఆకుపచ్చ నాచు వరి నేలలలో నత్రజనిని స్థిరీకరిస్తుందని 1939లో పి.కె. డే బెంగాల్ నేలలపై జరిపిన పరిశోధన ద్వారా నిరూపించారు.

సాగులో వినియోగం

నాటిన వారం, పది రోజులకు మడిలో పలుచగా నీరు నిలిపి, ఎకరాకు 4 కిలోల నాచు పొడిని ఇసుకతో కలిపి చల్లాలి. అనుకూల పరిస్థితులలో ఎకరాకు 8 నుండి 12 కిలోల నత్రజని సమకూరుతుంది. ఇది యూరియాకు పూర్తి ప్రత్యామ్నాయం కాదు. కొంత భాగాన్ని మాత్రమే ఆదా చేస్తుంది. అయితే యూరియాను అధికంగా వేసిన మడిలో హెటిరోసిస్టులు ఏర్పడవు కనుక ఆ ప్రయోజనమూ దక్కదు. నాచు పెరుగుదలకు భాస్వరం అవసరం.

చెరువులో ప్రమాదం

భాస్వరమే చెరువులోకి చేరితే ఫలితం వేరు. నీటిలో నత్రజని తరిగి భాస్వరం మిగిలినపుడు ఇతర నాచు జాతుల పెరుగుదల ఆగుతుంది; అనబీనా మాత్రం గాలి నుండి నత్రజనిని పొంది విస్తరించి, నీటిపై పచ్చని తెట్టుగా తేలుతుంది. కొన్ని రకాలు అనటాక్సిన్ వంటి నాడీవిషాలను తయారుచేస్తాయి. ఆ నీరు తాగిన పశువులు శ్వాస స్తంభించి మరణించవచ్చు. విషపూరిత రకాన్ని కంటితో గుర్తించలేము కాబట్టి తెట్టు కట్టిన నీటిని పశువులకు తాపరాదు. మైలుతుత్తం చల్లితే కణాలు పగిలి, వాటిలోని విషం నీటిలో కలుస్తుంది.

కనుక భూసార పరీక్ష ఆధారంగానే భాస్వరం ఎరువు వేయాలి. దానిని దమ్ములో కలియబెట్టి, కొన్ని రోజులపాటు మడి నీరు బయటకు పోకుండా గట్లను కట్టుదిట్టం చేయాలి. అపుడే అనబీనా మేలు మడికి దక్కి, చెరువు నీరు సురక్షితంగా ఉంటుంది.