పెద్దది చేస్తే బొమ్మ ఎందుకు మసకబారుతుంది?

అమ్మమ్మ, తాతయ్యల పెళ్ళినాటి ఫోటో చాలా ఇళ్ళలో ఒకే ఒక్కటి ఉంటుంది. అరచేతిలో ఇమిడేంత బొమ్మ. అంచులు పసుపుబారి, మధ్యలో మడత గీత పడి ఉంటుంది. దాన్ని బాగుచేసి, పెద్దది చేసి, ఫ్రేము కట్టించి అమ్మమ్మకు ఇద్దామని మీరు అనుకున్నారనుకోండి. కంప్యూటరులో బొమ్మలు సవరించే ప్రోగ్రాం తెరుస్తారు. డబ్బు కట్టనక్కరలేని గింప్ చాలు. తీరా చూస్తే పెద్దది చేసిన బొమ్మలో తాతయ్య మొహం మసక! కుంచె ఎంత రుద్దినా రంగు పడదు! ఇక ఇది మనవల్ల కాదనిపిస్తుంది. కాని లోపం మీ చేతిలో లేదు. కంప్యూటరు బొమ్మను ఎలా దాచుకుంటుందో తెలిస్తే ఈ చిక్కులు చాలావరకు విడిపోతాయి.

కంప్యూటరుకు బొమ్మ అంటే అంకెల పట్టిక. బొమ్మను చదరంగం బల్లలా చిన్న చిన్న గళ్ళుగా విడదీసి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క సంఖ్య వేసుకుంటుంది. ఈ గడి పేరే పిక్సెల్. నలుపు తెలుపు ఫోటోలో మామూలుగా 0 అంటే కటిక నలుపు, 255 అంటే స్వచ్ఛమైన తెలుపు. మధ్యవన్నీ బూడిద ఛాయలు.

1957లో అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్, ఆయన సహచరులు ఒక ఫోటోను ఇలా అంకెలుగా మార్చి మొదటిసారి కంప్యూటరుకు ఎక్కించారు. అది ఎవరి ఫోటో అనుకున్నారు? కిర్ష్ గారి మూడు నెలల కొడుకుది! అడ్డం 176, నిలువు 176 గళ్ళు. మొత్తం 30,976.

ఇప్పుడు మన ఫోటో సంగతి చూద్దాం. మామయ్య ఫోనులో పంపిన నకలు అడ్డం 600, నిలువు 800 గళ్ళు ఉందనుకోండి. దాన్ని 8 అంగుళాల పొడవున అచ్చువేస్తే అంగుళానికి 100 గళ్ళే వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఫోటోకు అంగుళానికి 300 ఉంటే బాగుంటుంది. గోడకు తగిలించి దూరంనుంచి చూసేదానికి 150 ఉన్నా సరిపోతుంది. మన దగ్గర అవీ లేవు.

మరి ప్రోగ్రాం కొత్త గళ్ళు పుట్టించదా? పుట్టిస్తుంది. పక్కపక్కనే 40, 80 ఉంటే వాటి మధ్య 60 వేస్తుంది. అంటే సగటు కట్టిందన్నమాట. నల్లని కనుబొమకు, తెల్లని నుదుటికి మధ్య ఉండవలసిన పదునైన అంచు కాస్తా ఏటవాలుగా జారిపోతుంది. మనకు కనిపించే మసక అదే. 40కీ 80కీ నడుమ ఒక వెంట్రుక ఉండేదేమో, ఆ సంగతి సగటుకు ఎలా తెలుస్తుంది?

కాబట్టి అసలు ఫోటోనే అడిగి తెచ్చుకోవాలి. 3 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడవు ఉన్న ఫోటోను అంగుళానికి 600 గళ్ళ చొప్పున స్కాన్ చేయిస్తే 1800, 2400 గళ్ళు వస్తాయి. 8 అంగుళాల పొడవున అచ్చువేసినా అంగుళానికి సరిగ్గా 300! గంటలకొద్దీ ప్రోగ్రాంతో కుస్తీ పట్టేకంటే ఈ చిన్న గుణకారం ముందు చేసుకోవడం మేలు.

రంగు పడని కుంచెకు కారణం చాలాసార్లు చిన్నదే. అంతకుముందు బొమ్మలో ఏదో ఒక మూలను ఎంపిక చేసి మరచిపోయి ఉంటారు. ఎంపిక ఉన్నంతసేపూ ప్రోగ్రాం ఆ గళ్ళనే మారుస్తుంది. సెలెక్ట్ మెనూలో నన్ అని ఉన్నచోట నొక్కితే సరి.

ఇక మడత గీత. క్లోన్ అనే పనిముట్టు పక్క గళ్ళ అంకెలను తెచ్చి గీతమీద అతికిస్తుంది. ఎక్కడినుంచి తేవాలో ముందు చెప్పకపోతే అది కదలదు. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని ఆ చోటును ఒకసారి మౌసుతో నొక్కాలి. ముందు వెనకనున్న గోడమీద, తరువాత చీరమీద చేయి తిప్పండి. గీత కంటిమీదుగా పోతే మాత్రం కొంచెం వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. మీరు అతికించిన కన్ను తాతయ్యది కాదు కదా!

ఈ సవరణలన్నీ నకలుమీదనే చేయండి. జేపెగ్ పద్ధతిలో భద్రపరచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కనుక, పని పూర్తయ్యేవరకు గింప్ సొంత పద్ధతి అయిన ఎక్స్‌సీఎఫ్‌లో ఉంచుకుని, అచ్చుకు ఇచ్చే ముందు ఒక్కసారి జేపెగ్‌గా మార్చుకోండి.