ప్రతిరూప డేటాబేసుల తరలింపు

డేటాబేసును ఒక సర్వరు నుండి మరొక సర్వరుకు మార్చడమంటే ఫైలు కాపీ చేసి, పాతది చెరిపేయడమే కదా, దీనికొక వ్యాసమా అని సోదర విద్యార్థులు అనుకోవచ్చు. మామూలు ఫైలైతే అంతే. కాని ఒకే డేటాబేసు రెండు మూడు సర్వర్లలో ఉండి, అన్నింటిలోనూ జనం రాస్తూ, అవి అప్పుడప్పుడు ఒకదానితో ఒకటి సరిచూసుకునే చోట సంగతి వేరు. దీన్నే రెప్లికేషన్ అంటారు.

నాకు పరిచయమున్న లోటస్ నోట్స్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. ఇది 1989లో బజారుకొచ్చింది. దీని మూలం 1973లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో యంత్రం మీద పుట్టిన నోట్స్‌లో ఉంది. 1995లో ఐ.బి.ఎం. చేతికి, 2019లో మన దేశపు హెచ్.సి.ఎల్. చేతికి వచ్చింది.

అసలు చిక్కు తొలగింపులో ఉంది. మన హాస్టలు మెస్సుకు రెండు పుస్తకాలున్నాయనుకోండి, వార్డెను దగ్గరొకటి, వంటశాలలో ఒకటి. ఆదివారం రెండూ పక్కన పెట్టుకుని, ఒకదానిలో లేని పేరును రెండవదానిలోంచి ఎక్కిస్తారు. ఒక కుర్రాడు హాస్టలు వదిలిపోతే వార్డెను ఆ కాగితం చింపేశాడు. ఆదివారం ఏమవుతుంది? వంటశాల పుస్తకంలో పేరుంది, ఇక్కడ లేదు. కొత్తగా చేరినవాడా, వెళ్ళిపోయినవాడా? పుస్తకానికేం తెలుసు! మళ్ళీ ఎక్కించేస్తారు. చింపకుండా ఎర్రసిరాతో కొట్టేసి తేదీ వేస్తేనే రెండవ పుస్తకానికి కబురు అందుతుంది.

నోట్స్ చేసేది ఇదే. డాక్యుమెంటును తొలగిస్తే లోపలి విషయం పోతుంది గాని, దాని గుర్తింపు సంఖ్యతో చిన్న ఆనవాలు మిగులుతుంది. దాని పేరు డిలీషన్ స్టబ్. అయితే ఆనవాళ్ళను కలకాలం దాచుకుంటే అవే కొండంత అవుతాయి గనుక, మనం మార్చకపోతే 90 రోజులకు వాటిని ఊడ్చేస్తుంది. అంతకంటే ఎక్కువ కాలం మూలనపడిన ప్రతిరూపాన్ని మళ్ళీ కలిపారా, తొలగించిన కాగితాలన్నీ లేచి కూర్చుంటాయి.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఇదే జరిగింది. డేటాబేసులను కొత్త సర్వరుకు మార్చి, పాతదాన్ని చెరపకుండా బీరువాలో పెట్టారు. చాలా నెలల తర్వాత ఎవరో దాన్ని ఆన్ చేశారు. రద్దు చేసి తొలగించిన బదిలీ ఉత్తర్వులు జాబితాలో ప్రత్యక్షం! ఒక గుమాస్తా, పాపం, ఇంట్లో చెప్పేసి సామాను సర్దడం కూడా మొదలుపెట్టాడు.

దీనికి ఎదురు ప్రమాదం ఇంకోటుంది, నా దృష్టిలో ఇదే పెద్దది. బతికున్న కాగితం రాకుండా పోవడం. కొన్ని డాక్యుమెంట్లలో ఫలానావారే చదవాలని పేర్లు రాసి ఉంటాయి. నోట్స్‌కు సర్వరు కూడా ఒక చదువరే. కొత్త సర్వరు పేరు ఆ వరుసలో లేకపోతే ఆ డాక్యుమెంటు దానికి చేరదు. పొరపాటు జరిగిందన్న కేకా ఉండదు. పాతది చెరిపిన రోజున అవి శాశ్వతంగా పోతాయి. సాధారణంగా అలాంటివి జీతాలకో, క్రమశిక్షణకో సంబంధించిన ముఖ్యమైన కాగితాలే!

కనుక ముందు కొత్త సర్వరుకు హక్కుల పట్టికలోనూ ఈ చదువరుల వరుసల్లోనూ చోటివ్వాలి. తర్వాత ‘కొత్త కాపీ’ గాక ‘కొత్త రెప్లికా’ తయారుచేయాలి. కాపీకి వేరే రెప్లికా సంఖ్య వస్తుంది. అప్పుడది పాతదానికి చుట్టం కాదు. పాత ఉత్తరాల్లో ఇచ్చిన లింకులు ఆ సంఖ్యనే వెతుక్కుంటాయి గనుక కొత్తచోట అవి తెరుచుకోవు. రెప్లికా నిండాక రెండు వైపులా డాక్యుమెంట్లు లెక్కపెట్టాలి. మనకు హక్కులేనివి మన తెరమీద కనబడవు కాబట్టి పూర్తి హక్కులున్న నిర్వాహకుడే లెక్కించాలి. నోట్స్‌లో తరలింపును సొంతంగా నడిపే ఏర్పాటు ఉంది. అయినా క్లస్టరులో లేని సర్వరైతే పాతదాన్ని చెరిపేముందు అదీ ఆగి, నిర్వాహకుడి అనుమతి అడుగుతుంది. ఆ ప్రశ్న తెరమీదికి రాగానే చాలామంది చూడకుండా ‘సరే’ నొక్కేస్తారు. లెక్కపెట్టాల్సింది సరిగ్గా అప్పుడే.

లెక్క కుదిరాక మాత్రం పాతదాన్ని నిజంగానే చెరిపేయాలి. జాగ్రత్త కోసం దాచుకోవాలంటే అందులో రెప్లికేషన్ ఆపివేసి దాచాలి. 90 రోజులు దాటిన ప్రతిరూపం ఎక్కడైనా దొరికితే దాన్ని కలపకండి. చెరిపేసి, నడుస్తున్న సర్వరు నుండి కొత్త రెప్లికా తీసుకోండి.