పాత ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం

పాత ల్యాప్‌టాప్‌లో కొత్త విండోస్ నడవదంటారు. ఈ "నడవదు" అనే మాటకు రెండు అర్థాలున్నాయి.

2021లో వచ్చిన విండోస్ 11ను పాత ప్రాసెసర్లకు మైక్రోసాఫ్ట్ ఆమోదించలేదు. అయినా వాటిలో అనేకం దానిని నడపగలవు. పూచీ మాత్రం ఉండదు.

రెండవ అర్థం వేరు. ప్రతి ప్రాసెసర్‌కూ కొన్ని ఆదేశాలే తెలుసు. 'పాప్‌కౌంట్' అనే ఆదేశం, ద్విసంఖ్యామానంలో రాసిన సంఖ్యలో ఎన్ని ఒకట్లున్నాయో లెక్కిస్తుంది. 13ను 1101 అని రాస్తాం కదా! జవాబు 3.

2006 నాటి కోర్ 2 డ్యుయోకు ఈ ఆదేశం తెలియదు. 2024లో వచ్చిన విండోస్ 11 '24హెచ్2'కు ఇది తప్పనిసరి. కనుక ఆ ప్రాసెసర్‌పై అది మొదలే కాదు.

డెబియన్ లినక్స్‌కు ఈ ఆదేశం అక్కరలేదు. అది అక్కడ నడుస్తుంది. పాత యంత్రాన్ని పారవేసేముందు, లేనిది పూచీయా, ఆదేశమా తెలుసుకోండి!