స్నానం చేస్తే రోగం వస్తుందా?

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై-కోల్‌కతా రహదారి, బందరు రోడ్డు కలుస్తాయి. ఉయ్యూరు, పామర్రు, మచిలీపట్నం వైపు నుండి ఎన్నో కుటుంబాలు రోగులను వెంటబెట్టుకొని నగరంలోని ఆసుపత్రులకు వస్తూ ఉంటాయి. డాక్టరు మందులు రాసిచ్చాక తల్లులు అడిగే ప్రశ్న ఒకటుంది: “పిల్లాడికి స్నానం చేయించవచ్చా అండీ?”

అడగడం మంచి అలవాటు. చిక్కల్లా అడగకుండా నిర్ణయించుకోవడంతోనే. “చన్నీళ్ళు పోసుకుంటే నిమ్ము చేస్తుంది”, “జ్వరంలో ఒంటి మీద నీళ్ళు పడితే సంధి కొడుతుంది”, “తడి తలతో బయటికెళ్తే జలుబు పట్టుకుంటుంది” - ఇలాంటి మాటలు మన ఇళ్ళలో తరతరాలుగా వినిపిస్తున్నాయి. ఒక ముస్లిం కుటుంబానికి ఇది ఆరోగ్య సమస్య మాత్రమే కాదు. గుస్ల్ విధి అయినవారు అది చేయనిదే నమాజు నెరవేరదు. “ఈ చలిలో తలస్నానమా!” అన్న భయంతో ఫజ్ర్ నమాజు పోగొట్టుకునే సోదర సోదరీమణులు ఎందరో ఉన్నారు. కాబట్టి ఈ భయంలో నిజమెంతో తెలుసుకోవడం అవసరం.

జలుబుకు మూలం ఏమిటి?

జలుబును కలిగించేది వైరస్ అనే సూక్ష్మజీవి. అది రోగి తుమ్మినప్పుడు, దగ్గినప్పుడు గాలి ద్వారా, చేతుల ద్వారా ఇతరులకు అంటుకుంటుంది. బక్కెట్టు నీళ్ళలోని చల్లదనం నుండి వైరస్ పుట్టదు. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో 1946లో జలుబుపై పరిశోధన కోసం ఒక కేంద్రం ఏర్పడింది. అక్కడ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిని తడి బట్టలతో చలిగాలిలో నిలబెట్టి చూశారు. కేవలం చలి వల్ల జలుబు వచ్చిన దాఖలా కనిపించలేదు.

అయితే పెద్దల మాటను పూర్తిగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. 2005లో కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 90 మంది పాదాలను చల్లని నీళ్ళలో ఉంచారు. మరో 90 మందిని మామూలుగానే కూర్చోబెట్టారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో మొదటి వర్గంలో 13 మంది, రెండో వర్గంలో 5 మంది తమకు జలుబు చేసిందని చెప్పారు. అప్పటికే శరీరంలో దాగి ఉన్న వైరస్ చలి వల్ల బయటపడి ఉండవచ్చునని వారి అభిప్రాయం. కనుక గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి, త్వరగా తుడుచుకుంటే సరిపోతుంది. స్నానాన్నే మానుకోవలసిన పనిలేదు.

ధర్మంలో ఉన్న సౌలభ్యం

తన దాసులను ఇబ్బంది పెట్టడం తన ఉద్దేశం కాదని అల్లాహ్ మాయిదా సూరాలో, తయమ్ముమ్ ఆదేశంతోపాటే తెలియజేశాడు. హిజ్రీ 8వ సంవత్సరంలో జాతుస్సలాసిల్ దండయాత్రలో హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు ఒక రాత్రి గుస్ల్ అవసరమైంది. చలి తీవ్రంగా ఉంది. స్నానం చేస్తే ప్రాణాపాయం కలుగుతుందని భయపడి, ఆయన తయమ్ముమ్ చేసి ఫజ్ర్ నమాజు చేయించారు. విషయం దైవప్రవక్త (సల్లం) వరకు వెళ్ళింది. ఆత్మహాని వద్దన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని అమ్ర్ (రజి) గుర్తుచేశారు. దైవప్రవక్త (సల్లం) నవ్వారే తప్ప ఆయన్ని తప్పుపట్టలేదు.

కాని ఇక్కడ ఒక విషయం గమనించాలి. అది నీళ్ళు వేడి చేసుకొనే వీలులేని ప్రయాణం. మన కృష్ణా తీరంలో మంచు కురవదు. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, గీజర్ ఉంది. “జలుబు చేస్తుందేమో” అన్న అనుమానం నమాజు వదిలేయడానికి సాకు కాజాలదు. జడ వేసుకున్న స్త్రీలకూ సౌలభ్యం ఉంది. జనాబత్ గుస్ల్‌కు జడ విప్పనవసరం లేదని, తల మీద మూడు దోసిళ్ళు నీళ్ళు పోసుకుంటే చాలునని దైవప్రవక్త (సల్లం) హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కు తెలిపారు. నీళ్ళు కుదుళ్ళకు చేరేలా చూసుకోవాలి.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఒక ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తర్వాత ఆయనకు గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చేయవచ్చా అని తోటివారిని అడిగితే, నీళ్ళుండగా అనుమతి లేదన్నారు. స్నానం చేశాక ఆయన మరణించారు. ఈ సంగతి విని దైవప్రవక్త (సల్లం) తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు అడగవలసింది కదా, అజ్ఞానానికి మందు అడగడమేనని మందలించారు. ఈ ఉదంతం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. తెలియకుండా స్నానం వద్దనడం ఎంత తప్పో, తెలియకుండా చేయాల్సిందే అనడమూ అంతే తప్పు. ఆపరేషన్ కుట్లు ఉన్నవారు, తీవ్ర అనారోగ్యంలో ఉన్నవారు వైద్యుణ్ణి, ధర్మపండితుణ్ణి ఇద్దరినీ అడగాలి.

ఆటలమ్మ, చిల్లా

పిల్లలకు ఆటలమ్మ పోస్తే “అమ్మవారు వచ్చింది, నీళ్ళు తగలకూడదు” అని రోజుల తరబడి స్నానం ఆపేస్తారు. మశూచికి మందులేని రోజుల్లో పుట్టిన భయం ఇది. మశూచి ప్రపంచం నుండే అంతరించిందని 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. భయం మాత్రం మిగిలిపోయింది. ఆటలమ్మ ఒక వైరస్ వ్యాధి. గోరువెచ్చని నీళ్ళు పోస్తే పొక్కులు ‘లోపలికి పోవు’. పైగా దురద తగ్గుతుంది. ఒళ్ళు మురికిగా ఉండి, పిల్లవాడు గోళ్ళతో గోకితే పొక్కులు చీము పడతాయి. రుద్దకుండా నీళ్ళు పోసి, మెత్తని బట్టతో అద్దాలి. తువ్వాలు విడిగా ఉంచాలి. పొక్కులన్నీ మాడి చెక్కు కట్టేదాకా బడికి పంపరాదు. డాక్టరును అడగకుండా ఆస్పిరిన్ ఇవ్వరాదు. రోగమూ, స్వస్థతా అల్లాహ్ చేతిలోనివే అని నమ్మే ఇంట్లో, మందు వేస్తే ఎవరికో కోపం వస్తుందన్న ఆలోచనకు చోటుండకూడదు.

బాలింతల విషయంలో “నలభయ్యో రోజు చిల్లా స్నానం అయ్యేదాకా నమాజు లేదు” అంటారు. నలభై రోజులన్నది నిఫాస్‌కు గరిష్ఠ గడువు మాత్రమే. రక్తస్రావం ముందే ఆగితే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. ఇక పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం వద్దన్న పెద్దల మాట సరైనదే. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

భయపడవలసిన నీళ్ళు

విచిత్రమేమిటంటే, చన్నీళ్ళకు భయపడే మనం మురికి నీళ్ళకు భయపడం! పారే కాలువ నీళ్ళు ధర్మరీత్యా పరిశుద్ధమే కావచ్చు. అంతమాత్రాన వాటిలో రోగక్రిములు లేవని కాదు. టైఫాయిడ్, కలరా, కొన్ని రకాల కామెర్లు కలుషిత నీళ్ళు నోట్లోకి పోవడం వల్ల వస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు కాలి పగుళ్ళకు, గాయాలకు తగిలితే లెప్టోస్పైరోసిస్ సోకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు జనం అలాంటి వరద నీళ్ళలోనే రోజుల తరబడి నడిచారు.

వుజూలో, గుస్ల్‌లో నోరు పుక్కిలిస్తాం, ముక్కులోకి నీళ్ళు తీసుకుంటాం. కనుక వరద రోజుల్లో ఆ రెంటికీ కాచి చల్లార్చిన నీళ్ళు వాడుకోవాలి. గాయాలున్నవారు వరద నీళ్ళలో దిగకూడదు. తప్పనిసరై దిగితే, బయటికి రాగానే శుభ్రమైన నీళ్ళతో, సబ్బుతో కాళ్ళు కడుక్కోవాలి. తర్వాత జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఆ విషయం చెప్పాలి.

సోదర సోదరీమణులారా! మన పెద్దలు ప్రేమతోనే చెప్పారు. వారిని ఎగతాళి చేయకండి. “నానీమా, ఒకసారి డాక్టరును అడిగి చూద్దాం” అని మర్యాదగా చెప్పండి. విన్న ప్రతి మాటనూ రోగమంత, ధర్మమంత పెద్దది చేయకుండా, తెలిసినవారిని అడిగి నడుచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.