మంచులో నడిపే కారు: డెట్రాయిట్ వెళ్తున్న మేనల్లుడికి

వెనక చక్రాలు తోసే కారా, నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే కారా అన్న ప్రశ్న మా రెడ్డిగూడెంలో ఎవరికీ ఎదురుకాదు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్‌లో చలికాలానికి ముందే దాన్ని తేల్చుకోవాలి.

రియర్ వీల్ డ్రైవ్ కార్లలో సాధారణంగా ఇంజన్ బరువు ముందు ఉంటుంది, తోసే పని వెనక చక్రాలది. బరువు తగ్గిన చోట పట్టూ తగ్గుతుంది. అందుకే మంచులో ఆ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం జారి కారు అడ్డం తిరుగుతుంది. ఈ జారుడును కొంతవరకు సరిదిద్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అమెరికాలో 2012 మోడల్ నుంచి కార్లకు తప్పనిసరి. అంతకన్నా పాత వెనక చక్రాల కారు ఎంత చవకగా దొరికినా, మంచుకు కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు.

ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి సాయం: సిగ్నల్ దగ్గర, ఎత్తు మీద, మంచు తీయని పార్కింగ్‌లో. ఆగడానికి మాత్రం కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. సులువుగా కదిలిందన్న ధీమాతో వేగం పెంచడంలోనే ప్రాణాపాయం ఉంది.

ఆపేది టైరు. బురదమడిలో ట్రాక్టరుకు దమ్ము చక్రాలు ఎలాగో, మంచులో కారుకు వింటర్ టైర్లు అలాగ. ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గినా వాటి రబ్బరు బిగుసుకుపోదు. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచు పలుకు గుర్తు చూసి కొనాలి. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు చట్టప్రకారం ఉండాల్సిందే. మిషిగన్‌లో అలాంటి చట్టం లేదు కాబట్టి ఆ జాగ్రత్త నడిపేవారిదే. వెనక రెండింటికే వేస్తే చాలదు, నాలుగూ వేయాలి.

మంచి వింటర్ టైర్లున్న వెనక చక్రాల కారు, అరిగిన టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కన్నా ఆగేటప్పుడూ తిరిగేటప్పుడూ నయం. డబ్బు తక్కువైతే ముందు చక్రాలు లాగే కరోలా, సివిక్ లాంటివి ఆ టైర్లతో ఊళ్లో తిరగడానికి సరిపోతాయి. రోడ్డు మీద మంచు తీయకముందే డ్యూటీకి బయల్దేరాల్సినవారికి ఆల్ వీల్ డ్రైవ్ పెట్టుబడి దండగ కాదు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో గాలి పీడనం సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. కారు నడపకముందే చూసి నింపుకోవాలి.

— మేనమామ, రెడ్డిగూడెం