సిగ్గు వేరు, పశ్చాత్తాపం వేరు

తప్పు జరిగిన తరువాత మనసు బాధపడుతోందంటే అంతరాత్మ ఇంకా బతికే ఉందన్నమాట. అయితే ఆ బాధ రెండు రకాలు. "నేను చేసిన పని చెడ్డది" అనుకోవడం ఒకటి. "నేనే చెడ్డవాణ్ణి, నలుగురికీ తెలిస్తే ఎలా?" అనుకోవడం మరొకటి. మొదటిది అపరాధ భావన, అంటే నదామత్. రెండోది అవమాన భావన, అంటే షర్మిందగీ. మాటల్లో మనం ఈ రెండింటినీ కలిపేస్తుంటాం.

హయా (లజ్జ) సంగతి వేరు. అది తప్పు జరగకముందే మనిషిని ఆపుతుంది. మనం చెప్పుకుంటున్నది తప్పు జరిగిపోయిన తరువాతి స్థితి గురించి.

అమెరికా మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో వెలువడిన తన గ్రంథంలో ఈ తేడాను వివరించారు. అపరాధ భావనలో దృష్టి చేసిన పని మీద ఉంటుంది. అవమాన భావనలో తన మొత్తం వ్యక్తిత్వం మీద ఉంటుంది. మొదటిది మనిషిని క్షమాపణ వైపు, నష్టాన్ని సరిదిద్దడం వైపు నడిపిస్తుందని, రెండోది తరచూ దాక్కోవడానికి, బుకాయించడానికి, ఇతరులపై కోపానికి దారితీస్తుందని జూన్ టాంగ్నీ వంటి పరిశోధకులు తరువాత గమనించారు.

హిజ్రీ 9వ సంవత్సరం (క్రీ.శ. 630) నాటి తబూక్ సంఘటన చూడండి. ప్రయాణానికి వెళ్ళకుండా ఆగిపోయినవారిలో ఎనభై మందికి పైగా దైవప్రవక్త (స) ముందుకు వచ్చి ప్రమాణాలు చేసి సాకులు చెప్పారు. పరువు దక్కిందనుకున్నారు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) మాటకారి. సాకు అల్లడం ఆయనకు కష్టం కాదు. అయినా తనకు ఏ ఇబ్బందీ లేదని ఉన్నదున్నట్లు చెప్పేశారు. ఫలితంగా యాభై రాత్రుల బహిష్కరణ! ఎవరూ పలకరించకపోయినా ఆయన మస్జిదుకు వెళ్ళడం మానలేదు. గస్సాన్ రాజు తన వద్దకు రమ్మని లేఖ పంపితే దాన్ని పొయ్యిలో వేశారు. తన తప్పును ఒప్పుకున్నారు, కాని ఆ తప్పు కారణంగా తనవారిని వదులుకోలేదు. చివరకు ఆయన తౌబా స్వీకరించబడింది.

ఇప్పుడు మన ఇళ్ళలోకి చూద్దాం. అక్కచెల్లెళ్ళకు ఆస్తి వాటా ఇవ్వని వ్యక్తి వారి ముఖం చూడలేక రాకపోకలు మానేస్తాడు. ఈ సిగ్గు వల్ల వారికి దక్కిందేమిటి? వాటా లెక్కగట్టి చేతికిచ్చిన నాడే అది పశ్చాత్తాపం అవుతుంది. డబ్బు తీసిన పిల్లవాణ్ణి బంధువుల ముందు "నువ్వు దొంగవి" అంటే, ఈసారి దొరకకుండా ఉండటం నేర్చుకుంటాడు. "నువ్వు చేసింది దొంగతనం, వెళ్ళి తిరిగి ఇచ్చిరా" అంటే దిద్దుకునే దారి దొరుకుతుంది.

ధర్మవేత్తలు తౌబాకు చెప్పిన షరతులు ఇవి: పాపాన్ని మానుకోవడం, చేసినందుకు చింతించడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం, ఇతరుల హక్కు ఉంటే తిరిగి చెల్లించడం. తనను తాను అసహ్యించుకోవడం అనే షరతు వీటిలో ఎక్కడా లేదు. కనుక మనసు బాధపడినప్పుడల్లా ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఈ బాధ మనల్ని ఎవరి గడప దగ్గరకు తీసుకువెళుతోంది, ఎవరి గడప నుంచి పారిపొమ్మంటోంది?