పాత మిల్లుకు కొత్త పని

పిల్లలూ! బస్సులో వెళ్లేటప్పుడు చెరకు తోటల నడుమ ఒంటరిగా నిలబడిన రాతి పొగగొట్టాలను మీరు చూసే ఉంటారు. కొన్నిటి పక్కన కప్పులేని గోడలు కూడా ఉంటాయి. ఆ గోడల సందుల్లో మర్రి మొక్కలు మొలిచి ఉంటాయి. అవి ఒకప్పటి చక్కెర మిల్లులు. 19వ శతాబ్దం నడుమ మన మారిషస్ దీవిలో ఇటువంటి మిల్లులు 250కి పైగా ఉండేవి. యంత్రాలు పెద్దవైన కొద్దీ, ఒక పెద్ద మిల్లు చుట్టుపక్కల చిన్న మిల్లుల పనంతా తానే చేయసాగింది. చిన్నవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇప్పుడు పనిచేస్తున్నవాటిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

భవనాలను ఊహించి, లెక్కకట్టి, కాగితం మీద గీసే విద్యను ఆర్కిటెక్చర్ అంటారు. పాడుబడ్డ భవనాన్ని మళ్లీ ఎలా వాడుకోవచ్చునో గీసి చూపడం ఆ విద్యార్థులకు ఒక ముఖ్యమైన పాఠం. మీరే ఆ విద్యార్థి అనుకోండి. మీ ఎదుట పాత మిల్లు ఉంది. ఏం చేస్తారు?

వెంటనే గీయడం మొదలుపెడతారేమో! వద్దు. ముందు కొలవాలి. పొడవు, వెడల్పు కొలిస్తే చాలదు. ఒక మూలనుంచి ఎదుటి మూలకు కూడా టేపు పట్టాలి. గది మూలమట్టానికి ఉన్నదీ లేనిదీ ఆ ఏటవాలు కొలతే చెబుతుంది. మరి పొగగొట్టం ఎత్తు? దానిమీదికి ఎక్కరాదు సుమా! 1 మీటరు కర్రను నేలమీద నిలబెట్టండి. దాని నీడ అర మీటరు పడిందనుకోండి. అదే సమయంలో పొగగొట్టం నీడ 12 మీటర్లు పడింది. ఎత్తెంతో మీరే చెప్పండి.

ఇక బొమ్మ గీయాలి. బొప్పాయి పండును అడ్డంగా కోస్తే లోపల ఒక తీరుగా కనిపిస్తుంది, నిలువుగా కోస్తే మరొక తీరుగా కనిపిస్తుంది కదా! భవనాన్ని అడ్డంగా కోసినట్లు గీస్తే దానిని ప్లాను అంటారు. నిలువుగా కోసినట్లు గీస్తే సెక్షను అంటారు. గదులు ఎక్కడున్నాయో ప్లాను చెబుతుంది. వెలుతురు ఎంత లోపలికి దిగుతుందో సెక్షను చెబుతుంది.

తరువాత గోడలను వైద్యుడు రోగిని చూసినట్లు చూడాలి. ఇవి నల్లరాతి గోడలు. రాళ్ల నడుమ ఉన్నది సిమెంటు కాదు, సున్నం. ఆ రోజుల్లో సముద్రపు పగడపురాయిని బట్టీలలో కాల్చి సున్నం చేసేవారు. సున్నం మెత్తనిది. గోడలోకి దిగిన తడి దాని గుండా మెల్లగా బయటికి ఆరిపోతుంది. దానిమీద గట్టి సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకొని గోడను పాడుచేస్తుంది. కనుక పాత సున్నపు గోడను సున్నంతోనే బాగుచేయాలి. మర్రి మొక్కను కూడా కోపంతో పెరికివేయకూడదు. వేరుతోపాటు రాళ్లు కూడా ఊడివస్తాయి. కాండం నరికి, వేరు చచ్చేదాకా ఓపిక పట్టాలి.

కప్పు సంగతి మరీ కష్టం. మన దీవికి తుఫానులు కొత్త కాదు. 1960లో కరోల్, 1975లో జెర్వేజ్ ఎన్ని కప్పులను లేపుకుపోయాయో మీ తాతయ్యలను అడగండి. కొత్త కప్పు బరువును ముసలి గోడలమీద మోపడం మంచిది కాదు. గోడలకు లోపలగా ఉక్కు స్తంభాలు నిలిపి, కప్పును వాటిమీద పెట్టవచ్చు. అప్పుడు ముసలిగోడ తన బరువు తాను మోసుకుంటే చాలు.

ఇంతకూ ఆ కప్పు కింద ఏం జరగాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. కోరంగి రేవునుంచి వచ్చారు కనుక తెలుగువారిని ఈ దీవిలో కోరంగీలు అన్నారు. వారూ, ఇతర కూలీలూ ఎండలో నరికిన చెరకు ఇటువంటి మిల్లుల్లోనే నలిగింది. "అంత కష్టపడిన చోటును ఎందుకు నిలపాలి? కూల్చి, ఆ రాళ్లతో ఇళ్లు కట్టుకోరాదా?" అని ఒక పెద్దాయన అడిగితే ఏం చెబుతారు? ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఊరికి ఉపయోగపడని గోడలను చూపి "ఇది మన చరిత్ర" అంటే ఆయన ఒప్పుకోడు. హోటలు చేస్తే డబ్బు వస్తుంది, నిజమే. కాని మిల్లులో పనిచేసినవారి మనుమలు గేటు బయట నిలబడవలసి వస్తే అది మంచి ప్లాను అని నేను అనను.

బో ప్లాన్ మిల్లు 1999లో ఆగిపోయింది. 2002లో అది చక్కెర మ్యూజియం అయింది. పెద్ద యంత్రాలను ఉన్నచోటనే ఉంచి, వాటి చుట్టూ నడిచేందుకు దారులు వేశారు. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్‌ను 1849లో కట్టడం మొదలుపెట్టారు. నేడు మిగిలింది అందులో కొంత భాగమే. అయినా ఆ మెట్లు, ఆ రాతి గదులు 2006లో ప్రపంచ వారసత్వ స్థలమయ్యాయి. అవి పెద్ద చోట్లు. మీ ఊరి మిల్లుకు అంత డబ్బు రాకపోవచ్చు. రసం కాచిన గదిలో సాయంత్రం బడి నడపవచ్చు. బండ్లు నిలిచిన చోట వారానికొక సంత పెట్టవచ్చు. కప్పుమీది వాననీటిని తొట్టిలో పట్టవచ్చు. పొగగొట్టం కిందికి ఎవరూ రాకుండా, బాగుచేసేదాకా చుట్టూ కంచె వేయాలి. ఏ గదికి ఏ పని అన్నది మాత్రం గీసేముందు ఊరివారిని అడగాలి, ముఖ్యంగా ఆ పెద్దాయనను.

అభ్యాసం

1. పాఠంలోని పొగగొట్టం ఎత్తు ఎంత? లెక్క చేసి చూపండి.
2. పాత సున్నపు గోడకు సిమెంటు ఎందుకు పూయరాదు?
3. మీ తరగతి గది ప్లాను గీయండి. తలుపు, కిటికీలు మరువకండి.
4. పెద్దాయన ప్రశ్నకు మీ జవాబును ఐదు వాక్యాలలో రాయండి.